ఏఏ మీటింగులు: ఏళ్ల తరబడి వెళ్లాక రాస్తున్న సమీక్ష

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, మీటింగుకి ఒక్కసారి వెళ్లొచ్చి "నాకు పడలేదు" అనేవాళ్లు చాలామంది. ఆ ఒక్కరోజుని లెక్కలోకి తీసుకోవద్దు. గ్రూపుకీ గ్రూపుకీ చాలా తేడా ఉంటుంది. రెండు గ్రూపుల్లో కలిపి కనీసం ఆరు మీటింగులు కూర్చున్నాకే బాగుందో లేదో తేల్చుకోండి.

అన్నిటికంటే కష్టం గది దొరకబుచ్చుకోవడం. నెట్‌లో ఉన్న చిరునామా ఒక్కోసారి పాతదై ఉంటుంది, గ్రూపు ఎప్పుడో వేరే చోటికి మారిపోయి ఉంటుంది. మన ఊళ్లలో చాలావరకు చర్చి ఆవరణలోనో స్కూలు గదిలోనో సాయంత్రం పూట జరుగుతాయి. బయట బోర్డు ఉంటుందని ఆశపడకండి. ముందురోజే గ్రూపువాళ్లకి ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: ఈ వారం మీటింగు ఉందా, గేటు లోపలికొచ్చాక ఎటు తిరగాలి, ఓపెనా క్లోజ్డా, మాట్లాడేది తెలుగులోనా హిందీలోనా. పది నిమిషాల ముందే చేరుకోండి. ఆలస్యంగా వెళ్తే తలుపు దగ్గర కుర్చీ దొరుకుతుంది. తలుపు దగ్గర కూర్చున్నవాళ్లు చివరిదాకా ఉండరు.

చర్చి అనగానే మతం మారుస్తారేమోనని ఇంట్లోవాళ్లు భయపడతారు. గదిని వాడుకుంటారు, అంతే. తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చూపే దారిని పన్నెండు మెట్లు అంటారు. వాటిలో దేవుడి మాట ఉంది, నిజమే, కానీ "మనం అర్థం చేసుకున్న విధంగా" అని పక్కనే ఉంటుంది. దేవుణ్ని నమ్మనివాళ్లూ వస్తారు. అయినా కొన్ని గ్రూపుల్లో ప్రార్థనలు మరీ ఎక్కువ. ఇబ్బందిగా ఉంటే గ్రూపు మార్చుకోండి.

క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవాళ్లకే. భార్యో అన్నో తోడొస్తే బయటే ఆపేస్తారు, దాంతో ఇద్దరూ కలిసి ఇంటిదారి పడతారు. తరచూ జరిగే పొరపాటు ఇది. తోడుతో వెళ్లేటట్టయితే ఎవరైనా రాగలిగే ఓపెన్ మీటింగే ఎంచుకోండి. కుటుంబాల కోసం అల్-అనాన్ అని 1951 నుంచీ వేరే సంస్థ ఉంది.

లోపల గంట, గంటన్నర. పరిచయ వాక్యాలు, పన్నెండు మెట్లు చదువుతారు, తర్వాత షేరింగ్, అంటే ఒక్కొక్కరూ తమ అనుభవం చెప్పుకోవడం. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ కల్పించుకోరు, సలహాలివ్వరు. మీ వంతు వస్తే "వినడానికి వచ్చాను" అంటే చాలు. ఫీజు లేదు. చందా బుట్ట తిప్పుతారు, కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదు. ఏఏ పేరు చెప్పి ఎవరైనా ప్యాకేజీ ధర మాట్లాడితే అది ఏఏ కాదు.

అసలు సరుకంతా మీటింగు అయ్యాక టీ దగ్గర ఉంటుంది. ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. మర్నాడు, ఏ ఇబ్బందీ లేనప్పుడే, "ఊరికే చేశానన్నా" అని ఒకసారి మాట్లాడండి. పరిచయం లేని నంబరైతే, సాయంత్రం ఏడింటికి నాలుక పీకుతున్నప్పుడు దాన్ని నొక్కడానికి చెయ్యి రాదు. ఒకసారి మాట్లాడి ఉంటే వస్తుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: ఈ నాలుగింటిలో ఏదుందో చూసుకోమని పాతవాళ్లు చెబుతారు. ముందు కడుపునిండా తినమనడం చాలాసార్లు పనిచేసే సలహా.

మెట్లలో దగ్గరుండి నడిపించే పాత సభ్యుణ్ని స్పాన్సర్ అంటారు. స్పాన్సర్‌గా కనీసం ఏడాది నుంచి మానేసి, మెట్లు తనూ చేసినవాళ్లని అడగండి. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు అన్నది ఆనవాయితీ. అప్పు అడిగినా, డాక్టరు రాసిన మాత్రలు ఆపమన్నా ఆ మనిషిని వదిలేయండి.

మీటింగు వైద్యం కాదు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లో వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పవచ్చు. ప్రాణం పోయే ప్రమాదం. అల్ప్రాజోలం కలిపిన కల్లు అలవాటైనవాళ్లకీ ఇదే గండం. ముందు ఆసుపత్రి, తర్వాత మీటింగు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), లేదా 14446 (మత్తు విముక్తి హెల్ప్‌లైన్). తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రని చెప్పకుండా సాంబారులో కలిపి పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దాని మీద తాగితే గుండెకే ముప్పు. తెలియకుండా ఎవరికీ పెట్టకూడదు.

లోపాలూ ఉన్నాయి. చిన్న ఊళ్లో గుట్టు దక్కడం కష్టం, ఎదురు కుర్చీలో మీ వీధివాళ్లే ఉండొచ్చు. ఆడవాళ్లు తక్కువగా కనిపిస్తారు. తాగిన రోజుల వీరగాథలు అరగంట చెప్పేవాళ్లు దొరుకుతారు, అది వింటే కొత్తవాళ్లకి నోరూరుతుంది. ఈ మూడింటికీ ఆన్‌లైన్ మీటింగు కొంత విరుగుడు, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకైతే ఆసరా. కానీ కెమెరా ఆపేసి వంటింట్లో తిరుగుతూ వింటే ఒంటబట్టదు.

పనిచేస్తుందా అంటే, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్ష 27 అధ్యయనాలు, 10,565 మందిని చూసి, పూర్తిగా మానేసి ఉండటంలో ఏఏ బాటలో, రాసిపెట్టిన పద్ధతి ప్రకారం సాగే కార్యక్రమాలు ఇతర చికిత్సల కంటే మెరుగని తేల్చింది.

జారి మళ్లీ తాగితే మర్నాడే మీటింగుకి వెళ్లండి. మానిన రోజుల లెక్క ఒకటో రోజు నుంచి మొదలవుతుంది తప్ప ఎవరూ తిట్టరు. నెల దాటాక టీ బాధ్యత అడిగి తీసుకోండి. ఫ్లాస్కు మీ దగ్గరుంటే, మీరు రాని రోజున పదిమంది ఫోన్ చేస్తారు.