గుడి ముందు జనం మాయం, డిస్కులో చోటూ మాయం

కమాండ్లు రాసి ఫోటోలను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌మ్యాజిక్‌తో ఫోటోల సైజు తగ్గించడం, ఫార్మాట్ మార్చడం అందరూ చేసే పనులే కాబట్టి వాటి జోలికి పోను. ఇన్నేళ్లుగా నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్క ఆప్షన్: ఎవాల్యుయేట్ సీక్వెన్స్, దాని పక్కన మీడియన్ అనే మాట.

సెలవురోజున రామప్ప గుడికి కెమెరాతో వెళ్లినవారికి నా బాధ తెలుస్తుంది. 1213 నాటి గుడి అది. 2021లో యునెస్కో జాబితాలో చేరాక రద్దీ ఇంకా పెరిగినట్టే నాకు కనిపిస్తోంది. నల్లరాతి మదనిక శిల్పం ప్రతిదాని కిందా ఎవరో ఒకరు ఫోను ఎత్తి పట్టుకుని ఉంటారు. వాళ్లు వచ్చిందీ నాలాగే గుడి చూడటానికే కనుక పక్కకు జరగమని అడిగే హక్కు నాకు లేదు. ఖాళీ గుడి కోసం పొద్దుటినుంచి కాచుకున్నా ఒక్క క్షణం దొరకదు.

మీడియన్‌కు ఆ ఒక్క క్షణం అవసరమే లేదు. కెమెరా కదలకుండా, నడుమ కాస్త వ్యవధి ఇస్తూ పదిహేను ఫోటోలు తీసి దానికి అప్పగిస్తే చాలు. ప్రతి పిక్సెల్ దగ్గరా పదిహేను ఫోటోల్లోని విలువలను వరుసగా పేర్చి, సరిగ్గా నడుమ ఉన్నదాన్ని ఉంచుతుంది. ఒక స్తంభం ఎనిమిది ఫోటోల్లో అడ్డం లేకుండా కనిపిస్తే, మిగతా ఏడింటిలో దాని ముందు ఎవరు నిలబడ్డా ఫలితంలో స్తంభమే మిగులుతుంది. ఇదే పనికి మీన్ అని రాసి సగటు తీయిస్తే జనం పోరు, దయ్యాల్లా పలచబడి గుడి చుట్టూ తేలుతుంటారు. మొదటిసారి మీడియన్ ఫలితం తెరిచినప్పుడు గుడి ఎదుట ఒక్క మనిషి లేడు. నమ్మలేక, మూల ఫోటోలను ఒక్కొక్కటే మళ్లీ తెరిచి చూశాను.

రాయవలసింది ఒక్క వరుసే. ఆరో వెర్షన్‌లో కన్వర్ట్, ఏడో వెర్షన్‌లో మ్యాజిక్ అని మొదలుపెట్టి, ఫైళ్ల పేర్లు, ఆ ఆప్షన్, చివర ఫలితానికి ఒక పేరు. (విండోస్‌లో కన్వర్ట్ అంటే డిస్కు ఫార్మాట్ మార్చే వేరే కమాండు. పేరు మార్చడం మంచిదే అయింది.) నెలనెలా అద్దె కట్టించుకునే సాఫ్ట్‌వేర్ అవసరం లేదని తెలిసినవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

పాత కెమెరా ఉన్నన్నాళ్లూ ఆ మాటకు ఢోకా రాలేదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా కొన్నాక అదే వరుస నొక్కితే, కంప్యూటర్ చాలాసేపు గిరగిరా తిరిగి, చివరకు 'క్యాష్ రిసోర్సెస్ ఎగ్జాస్టెడ్' (వాడుకోవడానికి ఇచ్చిన చోటు అయిపోయింది) అని చేతులెత్తేసింది. ఒక్కో జేపెగ్ ఫైలు పది ఎంబీ కూడా లేదు, దీనికి ఇంత ఆయాసం ఏమిటనుకున్నాను. లెక్క వేస్తే తెలిసింది. విప్పిన ఫోటోలో ఒక్కో పిక్సెల్ ఆరో వెర్షన్‌లో ఎనిమిది బైట్లు తింటుంది. అంటే ఫోటోకు 192 ఎంబీ, పదిహేనింటికి 2.9 జీబీ దాకా. పైగా ఈ ఆప్షన్‌కు అన్ని ఫోటోలూ ఒకేసారి చేతిలో ఉండాలి. ఏడో వెర్షన్‌లో మామూలుగా వచ్చే హెచ్‌డీఆర్‌ఐ అమరికలో (రంగుల విలువలను దశాంశ సంఖ్యలుగా దాచే పద్ధతి) విలువలు ఇంకా పెద్దవి, ఆకలి ఇంకా ఎక్కువ.

ఇమేజ్‌మ్యాజిక్ ఎంత వాడుకోవచ్చో చెప్పే పాలసీ ఫైలు ఒకటుంది. నా లినక్స్‌తో వచ్చిన ఆ ఫైలులో మెమరీకి 256 ఎంబీ, మ్యాప్‌కు (మెమరీలా వాడుకునే డిస్కు ఫైళ్లకు) 512 ఎంబీ, డిస్కుకు 1 జీబీ అని హద్దులు గీసి ఉన్నాయి. అది తెలియక ముందు కమాండులోనే లిమిట్ ఆప్షన్‌తో మెమరీ నాలుగు జీబీ వాడుకోమని రాశాను. అభ్యంతరం చెప్పకుండా తీసుకుంది, మళ్లీ అదే ఎర్రర్ ఇచ్చింది. పాలసీ ఫైలు గీసిన గీత లోపల హద్దును తగ్గించడానికే ఆ ఆప్షన్ పనికొస్తుంది, పెంచడానికి కాదు. ఆ ముక్క అప్పుడే ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే నా సాయంత్రం మిగిలేది. ఐడెంటిఫై కమాండుకు లిస్ట్ రిసోర్స్ అని తగిలిస్తే అసలు హద్దులు కనిపిస్తాయి. హద్దులు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపే ఫోటోలను విప్పే సర్వర్లకు అవి కావాలి. 2016లో ఇమేజ్‌మ్యాజిక్‌లో ఇమేజ్‌ట్రాజిక్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు కూడా పాలసీ ఫైలే రక్షణకు అక్కరకు వచ్చింది. నా కోపమంతా ఆ మౌనం మీదే.

పాలసీ ఫైలులో అంకెలు పెంచాక అసలు కథ మొదలైంది. మెమరీ చాలక డిస్కు మీదికి ఎగబడింది. మౌస్ కదలదు, గడియారం కదలదు. విసిగి ల్యాప్‌టాప్ టెర్మినల్‌ను మధ్యలోనే చంపేస్తే, తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరులో మ్యాజిక్ పేరుతో మొదలయ్యే పెద్ద పెద్ద ఫైళ్లు అలాగే పడి ఉన్నాయి. డిస్కు నిండిపోయి బ్రౌజర్ కూడా తెరుచుకోలేదు.

చివరకు దారి మీడియన్ స్వభావంలోనే దొరికింది. ఒక పిక్సెల్ ఏది కావాలో తేల్చడానికి పక్క పిక్సెల్‌తో దానికి పని లేదు. కాబట్టి 6000 × 4000 ఫోటోను 500 వరుసల చొప్పున ఎనిమిది అడ్డ పట్టీలుగా కోసి, పట్టీకి పట్టీ మీడియన్ తీసి, అపెండ్‌తో కింద కింద అతికిస్తే వచ్చేది అచ్చం అదే ఫోటో. అతుకు గీత కనపడదు. ఫైలు పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో కొలత రాస్తే చదివేటప్పుడే కోస్తుంది. ఇప్పుడు నా పాత ల్యాప్‌టాప్ మీద, పాలసీ ఫైలులోని పాత హద్దుల్లోనే, పని నడుస్తోంది. కాకపోతే ఒక్క వరుస కాస్తా చిన్న స్క్రిప్టు అయింది.

మీడియన్‌కు లొంగనివీ ఉన్నాయి. నీడలో కుర్చీ వేసుకున్న కాపలాదారు సగానికి మించిన ఫోటోల్లో ఉంటాడు కనుక ఫలితంలోనూ ఉంటాడు. గాలికి ఊగే ఆకులు పులుముకున్నట్టు వస్తాయి. వ్యవధి మరీ ఎక్కువ ఇస్తే నీడలు జరిగి మెట్ల అంచులు మసకబారతాయి. రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్‌కు విడిగా అనుమతి తీసుకోవాలి కాబట్టి నేను కెమెరాను ప్రహరీ గోడకు ఆనించి తీస్తాను. ఆ కాస్త కదలికను సరిచేయడానికి ముందు హ్యూగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్‌తో వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్ కమాండు నడపాలి. మండపం లోపలి చీకటి ఫోటోలకు మాత్రం సగటే మేలు. పదహారు ఫోటోల సగటులో చుక్కచుక్కల నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది.

నాకు గుళ్లు, శిల్పాలు తప్ప వేరే సబ్జెక్టు లేదు. గడువు పెట్టి తరిమే కస్టమరూ లేడు, రాత్రి స్క్రిప్టు నడిపి పొద్దున చూసుకుంటాను. ఈ పరిస్థితిలో ఉన్నవారికి దీన్ని మించింది నేను చూడలేదు. పెళ్లి ఆల్బం రేపటికి ఇవ్వాల్సిన ఫోటోగ్రాఫర్ అడిగితే వద్దనే చెబుతాను, 32 జీబీ మెమరీ ఉన్న మిషన్ చేతిలో ఉంటే తప్ప.