నాలుగేళ్లుగా నా చేతిలో నలిగిన డ్యూయల్ యాక్షన్ పాలిషర్

మా కారు నలుపు. శ్రీకాకుళం దుమ్ముకి నలుపు వద్దని అందరూ చెప్పారు, వినలేదు. రెండేళ్లు తిరిగేసరికి ఎండలో బానెట్ మీద సాలెగూడు పరిచినట్టు సన్నగీతలు. తప్పు దుమ్ముది కాదు, నాది. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దులిపేవాణ్ని.

ఆ గీతలు తీయడానికి పాలిషర్, అంటే ప్యాడ్‌ను తిప్పి పెయింటును మెరిపించే మిషన్, కావాలి. మొదట రోటరీ రకం కొన్నాను, చవగ్గా వస్తోందని. అది ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతుంది. గీతలు తొందరగా పోతాయి, పెయింటూ అంతే తొందరగా పోతుంది. రెండో ఆదివారమే వెనక తలుపు అంచు మీద ఓ రెండు సెకన్లు ఎక్కువ ఆగాను. శనగగింజంత మేర రంగు కింద వేసే బూడిదరంగు ప్రైమర్ పూత బయటపడింది. తలుపు మొత్తం మళ్లీ పెయింట్ వేయించాను.

మా బావ టెక్కలిలో గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తాడు. చూసి నవ్వాడు. "మా రాయి రెండు సెంటీమీటర్ల మందం బావా, ఎంత అరగదీసినా తట్టుకుంటాది. నీ రంగు మందమెంతేటి?" రంగు పైనుండే పారదర్శక పూత, క్లియర్ కోట్, మామూలుగా 40, 50 మైక్రాన్లే, తలవెంట్రుక కన్నా పల్చన. పదును అంచుల మీద ఇంకా పల్చన.

తర్వాత డ్యూయల్ యాక్షన్ రకం తీసుకున్నాను. ప్యాడ్ అంటించే ప్లేటు ఐదంగుళాలు, త్రో, అంటే ప్యాడ్ చుట్టే సున్నా వెడల్పు, 15 మిల్లీమీటర్లు. ఇందులో ప్యాడ్ తిరుగుతూనే చిన్న సున్నాలు చుడుతుంది కాబట్టి వేడి ఒక్కచోటే పోగవదు. గట్టిగా నొక్కితే తిరగడం ఆపేసి ఊరికే వణుకుతుంది. ప్లేటు అంచున తెల్ల మార్కర్‌తో ఒక గీత పెట్టుకున్నాను. ఆ గీత తిరుగుతూ కనిపిస్తోందంటే పని జరుగుతోంది, నిలిచిపోయిందంటే నేను నొక్కేస్తున్నాను. వంపుల దగ్గర ఈ గీత చాలాసార్లు కాపాడింది.

అసలు టైమంతా ముందు పనికే పోతుంది. బాగా కడిగి, క్లే బార్‌తో (అంటుకున్న మురికిని లాగేసే మట్టిముద్ద లాంటిది) రుద్ది, అంచులకీ రబ్బరు బీడింగులకీ మాస్కింగ్ టేప్ వేయాలి. ఎండలో వద్దు. చేయి పెడితే రేకు చల్లగా ఉండాలి. ముందు ఒక్క మూల మీద మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో చేసి చూస్తాను. సరిపోకపోతేనే గట్టి ప్యాడ్. ప్యాడ్ ఆనించాకే స్విచ్ వేయాలి, లేదంటే ప్యాడ్‌కి రాసిన కాంపౌండ్ (గీతల్ని అరగదీసే పేస్టు) చొక్కా నిండా పడుతుంది. రెండడుగుల చదరంలో 1వ స్పీడులో పూసి, 4కో 5కో పెంచి, సెకనుకు అంగుళం చొప్పున నాలుగుసార్లు నడిపిస్తాను. బంపర్ ప్లాస్టిక్, రేకులా వేడిని పంచేసుకోలేదు. అక్కడ స్పీడు తగ్గించాలి.

ఒకసారి ప్యాడ్ జారి వాకిట్లో ఇసుక మీద పడింది. దులిపి వాడబోయాను. ఒక్క రేణువు చాలు, మొదటికొస్తుంది. ఇప్పుడు పక్కన మూడు ప్యాడ్‌లు సిద్ధంగా పెట్టుకుంటాను.

లోపాలు లేకపోలేదు. గంట పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. వైరు భుజం మీంచి వేసుకోకపోతే పెయింటు మీద ఈడ్చుకుపోతుంది. రెండు ప్యాడ్‌ల వెల్క్రో వేడికి ఊడొచ్చేసింది. కారు మొత్తానికి ఒక పూట కాదు, రెండు రోజులు పడుతుంది. అద్దాల వెనక సందులు చేత్తో చేయాల్సిందే. అయినా నాలుగేళ్లలో ఎక్కడా పెయింటు కాలలేదు. ఏటా చేయను కూడా. చేసిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత పోతుంది. గీతలు మరీ ఎక్కువైతేనే మిషన్ తీస్తాను.

రథసప్తమికి అరసవల్లి రద్దీలో ఎవరిదో బైకు హ్యాండిల్ తగిలి కుడి తలుపు మీద జానెడు గీత పడింది. గోరు పెడితే అందులో ఇరుక్కుంటోంది. అంత లోతు గీతను పాలిషర్‌తో తీయబోతే మళ్లీ ప్రైమరే కనబడుతుంది. అందుకే దాని చుట్టూ మెరిపించి, దాన్ని అలాగే వదిలేశాను.