విజ్ఞాన సర్వస్వ వ్యాసాలతో జీవ భౌమ రసాయనిక వలయాలు: ఒక కోర్సు సమీక్ష

నత్రజని, కార్బన్ వంటి మూలకాలు గాలి, నేల, నీరు, జీవుల మధ్య తిరిగే జీవ భౌమ రసాయనిక వలయాలను బాణపు గుర్తుల బొమ్మతో సరిపెట్టకుండా, విద్యార్థుల చేతనే వికీపీడియా వ్యాసాలు రాయించి బోధించే ఒక ఆన్‌లైన్ కోర్సును ఇటీవల పూర్తి చేశాను. ప్రతి వాక్యానికీ ఆధారం చూపాలన్న పట్టుదలే దీని అసలు బలం.

నత్రజని వలయంపై నా తొలి ప్రతిలో "మొక్కలు గాలిలోని నత్రజనిని గ్రహిస్తాయి" అని రాశాను. ఆధారం ఏదని తోటి విద్యార్థిని అడిగింది. వెతికితే, గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నప్పటికీ దాని అణువులోని త్రిబంధాన్ని మొక్కలు తెంచలేవని, చిక్కుడు జాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చి వాటికి అందిస్తుందని స్పష్టమైంది. ఆ ఒక్క వాక్యాన్ని నాలుగుసార్లు తిరగరాశాను. బట్టీపట్టి చదివిన రోజుల్లో ఈ తేడా నాకెన్నడూ తట్టలేదు.

భాస్వరం పాఠం మరింత నచ్చింది. ఈ వలయంలో వాయుదశకు చెప్పుకోదగ్గ పాత్ర లేదు. శిలలు శిథిలమైతేనే భాస్వరం నేలకు చేరుతుంది, వాననీటితో సముద్రానికి కొట్టుకుపోయినది అడుగున మేటవేసి, మళ్లీ శిలగా పైకి రావడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది. దీన్ని కార్బన్ వలయంతో పోలుస్తూ రాయమనడం మంచి ఆలోచన.

లోపాలూ ఉన్నాయి. గంధకాన్ని ఒక్క పేజీతో ముగించారు. నేలలోని నైట్రేట్లను బ్యాక్టీరియా తిరిగి నత్రజని వాయువుగా మార్చే వినత్రీకరణం వివరణ మరీ క్లుప్తంగా ఉంది. పరస్పర సమీక్షను చివరి వారానికి నెట్టడం వల్ల దిద్దుబాటుకు వ్యవధి చాలలేదు. దానిని రెండో వారంలోనే మొదలుపెడితే, ఈ కోర్సును ఉపాధ్యాయులకు నిస్సందేహంగా సూచిస్తాను.