ఏటా పూర్తి అఫిడవిట్టా, ‘మార్పేమీ లేదు’ అన్న ఒక్క కాగితమా?

అమెరికా కోస్తా రేవుల మధ్య సరకు మోసే కంపెనీ ఓడ కట్టుకోవడానికి సర్కారు రుణ హామీ అడిగితే, ముందు తాను అమెరికా పౌరుల సొత్తేనని మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్‌కు (ఓడల రవాణా చూసే అక్కడి సర్కారు సంస్థ) రుజువు చూపాలి. ఆ రుజువును ఏటా పూర్తి అఫిడవిట్‌గానే ఇవ్వాలా, ‘మార్పేమీ లేదు’ అన్న కాగితం చాలా అన్నదే ప్రశ్న. ఈ షరతుకు మూలం 1916 నాటి షిప్పింగ్ చట్టం. సీఈఓ, బోర్డు ఛైర్మన్ పౌరులై ఉండాలి. కోస్తా రవాణాకైతే వాటాల్లో 75 శాతం పౌరుల చేతిలో ఉండాలి.

పూర్తి అఫిడవిట్‌లో ప్రతి డైరెక్టరూ ఎప్పుడు, ఎక్కడ పుట్టాడో రాయాలి. పైన మాతృ సంస్థ ఉంటే దానిదీ, దానిపైన ఇంకొకటుంటే దానిదీ ఇదే తంతు. ఒకసారి రాయడంలో అర్థముంది. పుట్టిన ఊరు ఏటా మారదు కదా! అయిదారుగురు అన్నదమ్ములు నడుపుకునే టగ్గుల (పెద్ద ఓడల్ని లాగే పడవల) కంపెనీకి ‘ఫలానా తేదీ అఫిడవిట్ తర్వాత మార్పేమీ లేదు’ అన్న కాగితం చాలు. దానికి నోటరీ ముద్ర కూడా దండగే. అబద్ధమైతే శిక్షకు సిద్ధమంటూ చేసిన సంతకాన్ని ప్రమాణపత్రంతో సమానంగా చూసే ఫెడరల్ చట్టం 1976 నుంచే ఉంది.

చిక్కల్లా స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలతోనే. అక్కడ వాటాలు రోజూ చేతులు మారుతుంటాయి, ‘మార్పు లేదు’ అని ఎవరు చెప్పగలరు? అందుకే చిరునామాల లెక్క ఒకటి పెట్టారు: 95 శాతం వాటాలు అమెరికా చిరునామాల మీద ఉంటే, 75 శాతం పౌరులవేనని ఒప్పుకుంటారు. డాలస్‌లో గ్రీన్‌కార్డు మీదున్న మన తెలుగు ఇంజనీరు పది షేర్లు కొన్నాడనుకోండి. చిరునామా టెక్సాస్‌దే, పౌరసత్వం భారతదేశానిది. ఆ తేడా కోసమే మధ్యలో 20 శాతం జాగా. కానీ బ్రోకర్ల ద్వారా కొన్న షేర్లు చాలావరకు సీడ్ అండ్ కో అనే నామినీ (కొన్నవారి తరఫున రిజిస్టరులో పేరుండే సంస్థ) పేరు మీదే ఉంటాయి. రిజిస్టరు తెరిస్తే కనిపించేది అసలు కొన్నవాడి ఊరు కాదు.

నన్నడిగితే అంతకన్నా విదేశీయుల వాటా ఇంతకు మించరాదని కంపెనీ నియమావళిలోనే గీత గీయడం మేలు. హవాయికి సరకు చేరవేసే మ్యాట్‌సన్ విదేశీ వాటాను 22 శాతం దగ్గరే ఆపేసింది. చట్టం ఇచ్చిన 25 దాకా కూడా పోలేదు. కాపలా షేరు బదిలీ దగ్గరే ఉంటే, ఏటా ఇచ్చే కాగితం ఎంత చిన్నదైనా ఫర్వాలేదు.

కోస్ట్ గార్డ్ దగ్గర ఓడ నమోదుకు వెళ్తే దరఖాస్తులో యజమాని తన పౌరసత్వం గురించి తానే ధ్రువీకరిస్తే చాలు. దాన్నే ఇక్కడా పెట్టొచ్చుగా అనేవాళ్లున్నారు. సర్కారు సొమ్ముకు పూచీ పడేచోట మొదటిసారికే అది చాలదు. మొదట పూర్తి అఫిడవిట్, ఆపై ఏటా చిన్న కాగితం, మాతృ సంస్థ చేతులు మారినా సీఈఓ మారినా మళ్లీ పూర్తిది. ఆ చిన్న కాగితంలో పై సంస్థల పేర్లు మాత్రం తప్పకుండా రాయించాలి. మార్పు ఎక్కువగా దాక్కునేది అక్కడే.