ఊళ్లోని సంఘాలన్నీ కలిసి ప్రార్థించాలంటే ఏ రోజులు మేలు?

ఒక మోస్తరు టౌను తీసుకోండి. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడి ఉంటుంది, ప్రాంతాన్ని బట్టి లూథరన్ గుడో బాప్టిస్టు గుడో ఉంటుంది, ఆర్.సి.ఎం. విచారణ, అంటే రోమన్ కథోలికుల గుడి ఉంటుంది, బ్రదరిన్ మందిరం, హెబ్రోను సహవాసం, పేటకొక పెంతెకొస్తు సంఘం ఉంటాయి. వీళ్లందరినీ ఒకచోట చూడాలంటే సెమీ క్రిస్మస్ వేదిక మీద కేకు కోసేటప్పుడు చూడాలి, లేదా ఎవరైనా పేరున్న ప్రసంగీకుడు వచ్చి మూడు రోజుల మహాసభలు పెట్టినప్పుడు చూడాలి. రెండింటిలోనూ ప్రార్థన తక్కువే. మహాసభల్లో ఒకరు మాట్లాడతారు, వేలమంది వింటారు, ఇంటికెళ్తారు. కాబట్టి వాటి సంగతి ఇక్కడ ఎత్తను.

నేను అడిగేది వేరు. వరసగా కొన్ని రోజులు ఒకరి గుడికి ఒకరు వెళ్లి కలిసి మోకాళ్లూనాలంటే ఏ కాలం పెట్టుకోవాలి? పోటీలో నిలిచేవి నాలుగు: కొత్త సంవత్సరపు మొదటి వారం, జనవరి 18 నుంచి 25 దాకా జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థనా వారం, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం, ప్రభువు పరలోకానికి వెళ్లిన ఆరోహణ దినం నుంచి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండగ దాకా ఉన్న పది రోజులు. నా ఓటు రెండోదానికే. కానీ మిగతావి తీసిపారేసేవి కావు, ముందు వాటి సంగతి చూద్దాం.

కొత్త సంవత్సరపు వారం

దీని పుట్టిల్లు మన దేశమే. లూథియానాలోని అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషనరీలు 1858 చివర్లో, సిపాయిల తిరుగుబాటు వేడి ఇంకా పూర్తిగా చల్లారకముందే, లోకంలోని క్రైస్తవులందరికీ ఒక పిలుపు పంపారు. 1860 జనవరి రెండో సోమవారం మొదలుపెట్టి వారం రోజులు అందరం ప్రార్థిద్దాం అని. 1846లో లండన్‌లో ఏర్పడిన ఇవాంజెలికల్ అలయన్స్ ఆ పిలుపును అందుకుని ఏటేటా జరిగే ప్రార్థనా వారంగా నిలబెట్టింది. అంతకుముందే 1854 జనవరి 1న తెల్లవారేవేళ అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు లైమన్ జ్యువెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులను వెంటబెట్టుకుని ఒంగోలు కొండెక్కి ప్రార్థించిన సంగతి తెలుగు బాప్టిస్టుల ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలుసు. ఏడాదిని ప్రార్థనతో మొదలుపెట్టడం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇబ్బంది కూడా అక్కడే వచ్చింది. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్, అర్ధరాత్రి దాటగానే వాగ్దాన వాక్యాల కార్డులు, పొద్దున మళ్లీ ఆరాధన, ఆ వెంటనే చాలా సంఘాల్లో ఏడు రోజులో ఇరవై ఒక్క రోజులో ఉపవాస ప్రార్థనలు. ఎవరి కరపత్రం వాళ్లకు డిసెంబరులోనే అచ్చయిపోయి ఉంటుంది. నెల రోజులు క్రిస్మస్ పాటలు పాడి పాడి క్వయిర్‌వాళ్ల గొంతులు పోయి ఉంటాయి. ఆ వారంలో పక్క గుడికి రమ్మని పిలిస్తే "తప్పకుండా అయ్యగారూ" అంటారు గానీ రారు. పైగా ఇది ప్రొటెస్టంట్లలోని ఇవాంజెలికల్ సంఘాల్లో పుట్టి పెరిగిన ఆచారం, విచారణ గురువుగారికి దీంతో పెద్దగా పరిచయం ఉండదు. మీ ఊళ్లో కథోలికులు లేకుండా, ఉన్న నాలుగైదు సంఘాలూ ఒకే తీరువైతే మాత్రం ఇదే పెట్టుకోండి. వేరే వెతుక్కోనక్కర్లేదు.

శ్రమకాలం

బరువులో దీనికి సాటి లేదు. భస్మ బుధవారం నుంచి, ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. సాయంత్రం ఇంటింటా కుటుంబ ప్రార్థనలు, శుక్రవారాలు ఉపవాస కూడికలు, కథోలికులకైతే సిలువ మార్గం. మామూలు రోజుల్లో గుడి మెట్లెక్కనివాడు కూడా ఈ నలభై రోజులు మాంసం మానేస్తాడు. కలిసి చేసే అలవాటు కూడా కొంత ఉంది. చాలా టౌన్లలో మంచి శుక్రవారం నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు పాస్టర్లకు పంచుతారు. మొదటి ముగ్గురూ తలా ముప్పావుగంట తీసుకుంటే ఏడో మాటవారికి మూడు గంటలకు ముందు పది నిమిషాలు మిగులుతుంది, అది వేరే సంగతి.

అయితే శ్రమకాలం ఏడాది పొడవునా పండగల క్రమం పాటించే సంఘాల సొత్తు. బ్రదరిన్‌వాళ్లు, పెంతెకొస్తుల్లో చాలామంది దినాలు ఆచరించరు. అడిగితే గలతీ పత్రిక తెరిచి "మీరు దినములను, మాసములను, ఉత్సవకాలములను, సంవత్సరములను ఆచరించుచున్నారు" అని పౌలు గద్దించిన చోటు చూపిస్తారు. వాళ్లను పిలిస్తే మర్యాదకు ఒక సాయంత్రం వస్తారు, వెనక బెంచీలో కూర్చుంటారు, వెళ్లిపోతారు. ఆ గుడిలో వాళ్లు చుట్టాలే తప్ప ఇంటివాళ్లు కాలేరు.

తేదీల చిక్కు కూడా చూడండి. 2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10, అంటే సరిగ్గా గుణదల మేరీమాత ఉత్సవాలు జరిగే 9, 10, 11 తేదీల నడుమ. కృష్ణా, గుంటూరు వైపు కథోలికులు ఆ మూడు రోజులూ కొండ మీదే ఉంటారు. ఈస్టరు మార్చి 28. మధ్యలో ఇంటర్ పరీక్షలు. సాయంత్రాలు బయటికి కదిలే ఇల్లు ఎక్కడుంటుంది?

శ్రమకాలంలోనే సాధారణంగా పడే ఒక్క రోజు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. మార్చి మొదటి శుక్రవారం, స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం. 1887లో అమెరికాలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు మొదలుపెట్టిన ప్రార్థన దినం 1927 నాటికి ప్రపంచమంతటికీ పాకింది. ఏటా ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాస్తారు, మిగతా దేశాలవాళ్లు అదే చదువుతూ ఆ దేశం కోసం ప్రార్థిస్తారు. 2025లో కుక్ దీవులు, 2026లో నైజీరియా. ఒక్కసారి వెనక నిలబడి చూడండి. సి.ఎస్.ఐ. స్త్రీల సమాజం నుంచి ఒకరు పాఠం చదువుతారు, లూథరన్ సమాజం నుంచి ఒకరు విజ్ఞాపన చేస్తారు, సాల్వేషన్ ఆర్మీ సోదరి పాట ఎత్తుతుంది. ఎవరి వంతు ఏమిటో కాగితం మీద ముందే ఉంటుంది కాబట్టి మైకు దగ్గర తోపులాట ఉండదు. గంటన్నరలో ముగిసి టీ, బిస్కెట్లు. అయ్యగార్లు ఏళ్ల తరబడి మీటింగులు పెట్టుకుని కుదుర్చుకోలేనిది అమ్మగార్లు ఒక్క సాయంత్రంలో కానిచ్చేస్తున్నారు. దానికి ఉన్న లోటల్లా అది ఒక్క రోజే కావడం. ఊళ్లో ఇంతవరకు ఏ కలయికా లేకపోతే ముందు దీన్ని బలపరచండి, వారాల మాట తర్వాత.

ఆరోహణం నుంచి పెంతెకొస్తు దాకా

వాక్యాన్ని బట్టి తూచితే ఇదే మొదట నిలవాలి. ప్రభువు ఆరోహణమయ్యాక మేడగదిలో శిష్యులు, స్త్రీలు, మరియమ్మ "ఏకమనస్సుతో ఎడతెగక ప్రార్థన చేయుచుండిరి" అని అపొస్తలుల కార్యాలు చెప్పేది ఈ పది రోజుల గురించే. 2016లో కాంటర్‌బరీ, యార్క్ ఆర్చిబిషప్పులు ఈ పది రోజులకే పిలుపునిచ్చారు, అది ఇంగ్లండ్ దాటి చాలా దేశాలకు వెళ్లింది. పెంతెకొస్తు సంఘాలకు ఇంతకన్నా ఇష్టమైన కాలం ఉండదు.

కానీ 2027లో ఆ రోజులు మే 6 నుంచి 16. రేకుల షెడ్డు మందిరంలో మే నెల సాయంత్రం ఆరున్నరకు రెండొందలమందిని కూర్చోబెట్టిన అనుభవం ఉన్నవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. పెళ్లిళ్లు, పిల్లల వేసవి బైబిలు తరగతులు (వి.బి.ఎస్.లు), ఊళ్లకు పోయిన పిల్లలు. యవ్వనస్థులతో రాత్రి డాబా మీద పెట్టుకుంటే బాగుంటుంది, ఊరంతటికీ మాత్రం కుదరదు.

జనవరి 18 నుంచి 25

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు అప్పటికి తిరుగు ప్రయాణం కట్టేస్తారు, బడులు తెరుస్తారు, ఉపవాస కూడికలు చాలావరకు ముగుస్తాయి, రిపబ్లిక్ డేకి ఒక రోజు ముందు మన పని అయిపోతుంది. సాయంత్రాలు చల్లగా ఉంటాయి. ఇవి పైపై లాభాలు.

అసలు లాభం ఏమిటంటే ఈ ఎనిమిది రోజుల్లో మన ఊళ్లో ఏ సంఘానికీ సొంతమైన పెద్ద పండగ లేదు. ఎవరూ తమది వదులుకుని రానక్కర్లేదు, ఎవరూ ఇంకొకరి పండక్కి చుట్టంగా రానక్కర్లేదు. మిగతా మూడు కాలాల్లోనూ ఎవరో ఒకరు ఇంటివాళ్లు, మిగతావాళ్లు అతిథులు.

రెండోది, ఇందులో ప్రార్థించే విషయమే మన చీలిక. కొత్త సంవత్సరంలో దేశం కోసం, వర్షాల కోసం, పిల్లల ఉద్యోగాల కోసం ప్రార్థిస్తాం. శ్రమకాలంలో మన పాపాల కోసం. పక్కపక్కన కూర్చుని ఇవన్నీ చేసి, మనం ఎందుకు విడిపోయామో ఒక్క మాట ఎత్తకుండా లేచి వెళ్లొచ్చు. ఈ వారంలో అలా తప్పించుకోలేం. భారతదేశ స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ 2013 వారానికి అన్ని దేశాలవాళ్లూ వాడే ప్రార్థనా పాఠ్యాన్ని తయారుచేసినప్పుడు మీకా ఆరో అధ్యాయం తీసుకుంది: "న్యాయముగా నడుచుకొనుటయు, కనికరమును ప్రేమించుటయు, దీనమనస్సు కలిగి నీ దేవుని యెదుట ప్రవర్తించుటయు". దళిత క్రైస్తవుల బాధను నడిబొడ్డున పెట్టి, సంఘంలో కులాన్ని ఉంచుకుని ఐక్యత గురించి మాట్లాడటమేమిటని ప్రపంచ సంఘాలన్నిటినీ అడిగింది. తెలుగువాళ్లకు ఇది ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. మిషన్ల మధ్య గీతలు మన దగ్గర చాలాచోట్ల కులాల గీతల మీదే పడ్డాయి. పక్కపక్క పేటల్లో రెండు గుడులు ఉండటానికి బాప్తిస్మం గురించిన వాదం ఎంత కారణమో, పేటల పేర్లు అంతకన్నా పెద్ద కారణం. అవతలి పేట గుడికి నడిచి వెళ్లి, అక్కడివాళ్లు ఇచ్చిన టీ తాగి, వాళ్ల పెద్దలతో కలిసి మోకరించడం ఒక్క రాత్రి జరిగినా ఆ వారం పెట్టుకున్నందుకు ఫలితం దక్కినట్టే.

ఒక అనుమానం ఎప్పుడూ వస్తుంది: "ఇది రోమ్ దారి పట్టించే ఎత్తు కాదా?" మొదట్లో ఆ అనుమానానికి ఆధారం ఉంది. 1908లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రేమూర్‌లో దీన్ని మొదలుపెట్టిన పాల్ వాట్సన్ అప్పటికి ఎపిస్కోపల్ (అమెరికాలోని ఆంగ్లికన్) గురువు, మరుసటి ఏడే తన సమాజంతో సహా కథోలిక సంఘంలో చేరిపోయాడు. ఆయన దృష్టిలో ఐక్యత అంటే రోముకు తిరిగి రావడమే. అప్పటి కథోలిక క్యాలెండరులో జనవరి 18 పేతురు పీఠపు పండగ, 25 పౌలు మారుమనస్సు పండగ. ఆ మధ్య రోజులు ఎంచుకున్నదీ ఆయనే. కానీ 1930ల్లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పాల్ కుతూరియే అనే గురువు దీని దిశే మార్చేశాడు. క్రీస్తు కోరిన ఐక్యత, ఆయన కోరిన మార్గంలో రావాలని ప్రార్థిద్దాం, ఎవరు ఎవరిలో కలవాలో మనం దేవునికి చెప్పొద్దు అన్నాడు. 1964లో వాటికన్ మహాసభ కూడా ఇతర క్రైస్తవులతో కలిసి ప్రార్థించడానికి తలుపు తీసింది. 1968 నుంచి వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, వాటికన్ కలిసి తయారుచేసిన పాఠ్యమే అందరూ వాడుతున్నారు. ఏటా ఒక దేశంవాళ్లో ఒక సంఘంవాళ్లో ముసాయిదా రాస్తారు, 2026ది ఆర్మేనియా అపొస్తలిక సంఘం రాసింది. అంత చెప్పినా బ్రదరిన్ పెద్దలు కొందరు రాకపోవచ్చు. తలుపు తీసి ఉంచాలి, నిష్ఠూరం ఆడకూడదు.

ఐక్యత పని మన నేలకు పరాయిది కాదని కూడా గుర్తుచేయాలి. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ.గా కలిశాయి. ఆ కలయిక గురించిన చర్చలు 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలయ్యాయి, వాటిని ముందుకు నడిపినవారిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఒకరు. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ కలయికను చూడలేదు.

ఇక పని సంగతి. 2027లో జనవరి 18 సోమవారం, 25 మళ్లీ సోమవారమే. మధ్యలో ఒక్క ఆదివారం, 24. ఆ పొద్దున పాస్టర్లు గుడులు మార్చుకుని వాక్యం చెప్పుకోవచ్చు, ఎనిమిది సాయంత్రాలూ రోజుకొక గుడి. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) పెట్టొద్దు, అక్కడ ఇంకా కలవలేదు, కలిసినట్టు నటించడం ఎవరికీ మంచిది కాదు. పాటలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో అందరికీ వచ్చినవి నాలుగు చాలు, గిటారు సంఘానికి కూడా ఒక రాత్రి ఇవ్వాలి. పరలోక ప్రార్థన చివర కథోలికులు ఆగిపోతారు, ప్రొటెస్టంట్లు "రాజ్యము, బలము, మహిమ" అంటూ ముందుకెళ్తారు. మొదటి రాత్రి ఇబ్బందిగా ఉంటుంది, మూడో రాత్రికి ఒకరి కోసం ఒకరు ఆగడం అలవాటవుతుంది.

గొడవలు వచ్చేవి వేరే చోట. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దది? అసలు ఫొటోలే వద్దనుకుంటే పోతుంది. వచ్చిన విశ్వాసుల ఫోన్ నంబర్లు ఎవరూ రాసుకోకూడదని ముందే ఒప్పుకోవాలి. గొర్రెల దొంగతనం, అంటే తన విశ్వాసులను ఇంకో సంఘం లాక్కుంటుందన్న భయం ఉన్న పాస్టరు తన మందను పక్క గుడికి పంపడు, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కానుక ఏ రాత్రిది ఆ గుడికే అంటే పెద్ద గుడికి ఎక్కువ, షెడ్డుకు తక్కువ పడుతుంది. ఎనిమిది రాత్రులదీ ఒకచోట పోగేసి ఊళ్లోని గవర్నమెంటు ఆసుపత్రిలో రోగుల వెంట ఉండే బంధువుల భోజనాలకు ఇచ్చేయడం నాకు తోచిన మార్గం. అప్పుడు లెక్కలు అడిగేవాళ్లూ తగ్గుతారు.

ఇవన్నీ నవంబరు మొదటి వారంలో కూర్చుని తేల్చుకోవాలి. ఆ తర్వాత సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి, ఏ పాస్టరుగారూ ఫోనుకు కూడా దొరకరు. ఆ మొదటి మీటింగుకు స్త్రీల సమాజాల నుంచి ఇద్దరు ముగ్గుర్ని తప్పకుండా పిలవండి, క్రమం రాసే పని వాళ్లకే అప్పగించండి.