ఆషాఢంలో ప్రాసెసర్ మార్చాను: ఏడేళ్ల బోర్డుతో నా అనుభవం

విజయనగరంలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోల ఎడిటింగ్ మొత్తం ఒక్క కంప్యూటర్ మీదే. 2019 జనవరిలో కట్టించాను: ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 2600, అన్ని భాగాలూ బిగించే బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్. బోర్డు ఇప్పటికీ అదే. ప్రాసెసర్ మాత్రం 2023 ఆషాఢంలో మార్చాను. పెళ్లిళ్లు లేని నెల కాబట్టి, మెషీన్ రెండు రోజులు పడుకున్నా పని ఆగదు.

2019 జూలైలో రైజెన్ 3000 సిరీస్ వచ్చినప్పుడు పట్టించుకోలేదు. 2020 నవంబర్‌లో 5000 సిరీస్ దిగేసరికి మాత్రం నా మెషీన్ బాగా ఈడుస్తోంది. కొనేద్దామనుకున్నాను. అంతలో ఎడిటింగ్ నడుస్తుండగా ఏ భాగం మీద ఎంత భారం ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ 40 శాతం దగ్గరే ఉంది. ర్యామ్ నిండిపోయింది, హార్డ్ డిస్క్ 100 శాతం దగ్గర కదలడం లేదు. అంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. ర్యామ్ 32కి పెంచి, హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ వేయించాను. ఇంకో రెండేళ్లు హాయిగా గడిచాయి. ఆ రోజు చూడకుండా కొనుంటే డబ్బులు వృథా అయ్యేవి, ఈడ్చడం మాత్రం తగ్గేది కాదు.

2022లో కొత్త కెమెరా కొన్నాక కథ మారింది. అది 10 బిట్ 4:2:2 హెచ్.265లో తీస్తుంది, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉంచి గట్టిగా కుదించే వీడియో ఫార్మాట్. రంగులు అద్భుతం. కానీ ఆ ఏడాది సిరిమానోత్సవంలో తీసిన షాట్లు టైమ్‌లైన్ మీద ఆడిస్తే, సిరిమాను కోట వైపు కదులుతున్న చోట బొమ్మ ఆగి ఆగి వస్తోంది. నా గ్రాఫిక్స్ కార్డు ఈ రకం ఫైల్ విప్పలేదు, ప్రతి ఫ్రేమూ ప్రాసెసరే విప్పాలి. ఈసారి టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 12 థ్రెడ్లూ (ఒకేసారి పని చేసే దారులు) నిండుగా ఉన్నాయి. ఎస్ఎస్‌డీ ఖాళీగా ఉంది. అప్పుడు నమ్మకం కుదిరింది, ఇక ప్రాసెసరే మార్చాలని.

వైజాగ్‌లో ఒక షాపులో అడిగితే పాత బోర్డు పనికిరాదు, మొత్తం సెట్టు మార్చాలన్నారు. అప్పటి కొత్త 7000 సిరీస్‌కి సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) వేరు, ర్యామ్ కూడా కొత్త రకం డీడీఆర్5. లెక్క 45 వేలు దాటింది. ఇంటికొచ్చి బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ల జాబితా వెతికాను. బయోస్ (బోర్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే 5000 సిరీస్‌లోని రైజెన్ 7 5700ఎక్స్ నడుస్తుందని అందులో ఉంది! నిజానికి 2020 మేలో ఏఎండీ కూడా నా బీ450 లాంటి 400 సిరీస్ బోర్డుల మీద 5000 సిరీస్ నడవదని చెప్పి, జనం గొడవ చేశాక మాట మార్చుకుంది. ఆ పాత మాటే చాలామంది నోట మిగిలిపోయింది. 17 వేల చిల్లరతో పని అయిపోయింది.

బిగించడంలో రెండు చోట్ల టెన్షన్ పడ్డాను. మొదటిది బయోస్. పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేయాలి, మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. యూపీఎస్ పూర్తిగా ఛార్జ్ చేసుకుని, పొద్దున్నే కూర్చున్నాను. రెండోది ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్. స్క్రూలు విప్పి నేరుగా పైకి లాగబోతుంటే మా మేనల్లుడు "మావయ్యా, ఆగు!" అని చెయ్యి పట్టుకున్నాడు. నాలుగేళ్లకి ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్టు ఎండి జిగురులా పట్టేస్తుంది. లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగిపోతాయి. మళ్లీ స్క్రూలు బిగించి, పావుగంట రెండర్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియోగా తయారుచేయడం) పెట్టి వేడెక్కించి, ఆపేశాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పాం. చిన్న టప్‌మన్న శబ్దంతో వదిలింది.

గంట నిడివి పెళ్లి వీడియోకి ఇదివరకు 2 గంటల 20 నిమిషాలు పట్టే రెండర్ ఇప్పుడు 1 గంట 20 నిమిషాల్లో అవుతోంది. ఒక్క కెమెరా ఫుటేజ్ అయితే ప్రీవ్యూ సాఫీగా ఆడుతుంది. రెండు కెమెరాలు పక్కపక్కన పెడితే ఇప్పటికీ తడబడుతుంది, అందుకే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన నకలు ఫైళ్లు, చేసుకుంటున్నాను. ఇంకో లోపం, 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు. పాత చిన్న కూలర్‌తో నెట్టుకొద్దామనుకుంటే మరుసటి మే నెలలో 90 డిగ్రీలు తాకింది. పెద్ద టవర్ కూలర్ కొనాల్సి వచ్చింది. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయినప్పుడు నాకు ఇబ్బంది రాలేదు. విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో నా పాత 2600 కూడా ఉంది. మొదటి తరం రైజెన్ 1600 వాడుతున్న తోటి ఫొటోగ్రాఫర్‌కి మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. బీ450 బోర్డు ఉంటే ఆయన కూడా నాలాగే ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకోవచ్చు.

2024 ఆగస్టులో 9000 సిరీస్ వచ్చింది. కొనలేదు. నా దగ్గర మిగిలిన ఇబ్బంది ఒక్కటే, రెండు కెమెరాల 4:2:2 ఫైళ్లు. దానికి ఇంకాస్త వేగమైన ప్రాసెసర్ కంటే ఆ ఫైళ్లను విప్పే హార్డ్‌వేర్ కావాలి. కొత్తగా కట్టించుకునేవాళ్లయితే ఇంటెల్ 12వ తరం నుంచి, పేరు చివర ఎఫ్ లేనివి చూడండి, వాటి లోపలి గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది. నేనైతే అదే పని చేసే ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ గ్రాఫిక్స్ కార్డు కోసం డబ్బు పోగేస్తున్నాను. ప్రాసెసర్ ఇదే ఉంటుంది.