పర్లాకిమిడి నుంచి పెద్దవాళ్లను ఎక్కడ చూపించాలి: విశాఖా, బరంపురమా, ఊళ్లోనా?

మా అమ్మకు 74 ఏళ్లు. షుగరు, బీపీ ఎప్పటినుంచో ఉన్నాయి, రెండేళ్లుగా కిడ్నీ కూడా కొంచెం దెబ్బతింది. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దునున్న మా పర్లాకిమిడిలో మాలాంటి తెలుగువాళ్ల ఇళ్లల్లో ఈ చర్చ ఎప్పుడూ ఉండేదే. మూడు చోట్లా తిరిగాను కాబట్టి రాస్తున్నాను.

విశాఖలో పెద్ద మేలు, అమ్మ తన బాధ తనే చెప్పుకుంటుంది. "అరికాళ్లు మొద్దుబారుతున్నాయి బాబూ, చెప్పు జారిపోయినా తెలీట్లేదు" అని ఆవిడ అంటుంది, అదే మాట నేను ఒడియాలో చెబితే "కాళ్ల నొప్పి" అయిపోతుంది. స్పెషలిస్టులందరూ అక్కడ దొరుకుతారు, నిజమే. కానీ గుండె డాక్టరు గుండె చూస్తాడు, కిడ్నీ డాక్టరు కిడ్నీ చూస్తాడు, మొత్తం మనిషిని చూసేవాళ్లు ఎవరు? విశాఖలో ఒకరు రాసిన బీపీ మాత్ర, ఇక్కడ ఇంకొకరు రాసిన బీపీ మాత్ర, రెండూ ఆమ్లోడిపినే, కంపెనీ పేర్లు వేరు, అంతే. నెల రోజులు అమ్మ రెండూ వేసుకుంది. పాదాలు వాచాయి, ఒక తెల్లవారుజామున పెరట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఎముక విరగలేదు, అదే పదివేలు.

బరంపురం ఎంకేసీజీ 1962 నాటి మెడికల్ కాలేజీ, అన్ని విభాగాలూ ఉన్నాయి, ఆ ఊళ్లో తెలుగు తెలిసినవాళ్లకూ కొదవ లేదు. బరంపురం ఉన్న గంజాం జిల్లావాళ్లకు నేనైతే అదే చెప్తాను. మాకు మాత్రం అదీ దూరమే.

నా మాట ఇది: నెలనెలా బీపీ, షుగరు చూపించడం, మందులు తెచ్చుకోవడం ఊళ్లో జిల్లా ఆసుపత్రిలోనే, వీలైతే ప్రతిసారీ ఒకే డాక్టరు దగ్గర. ఒడిశా ప్రభుత్వ పథకం నిరామయ కింద చాలా మందులు ఉచితంగా ఇస్తారు. 70 దాటినవాళ్లకు ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఏడాదికి 5 లక్షల వరకు పనికొస్తుంది కానీ అది ఆసుపత్రిలో చేరితేనే, నెలవారీ మాత్రలకు కాదు. విశాఖలోనూ చెల్లుతుంది, చేరేముందు ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో అడగండి. కిడ్నీ పరీక్షల్లో అంకెలు మారినప్పుడు, కొత్త లక్షణం కనబడినప్పుడు విశాఖ వెళ్లండి.

పక్షవాతం వచ్చినా, తుంటి విరిగినా మాత్రం తొందరపడి ఇంటికి తెచ్చేయకండి. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి, రాత్రంతా ఆ పని ఒక్క కోడలి వల్ల కాదు. ఫిజియోథెరపీ, నర్సింగు ఉన్నచోట కొన్ని వారాలు ఉంచడమే మేలు, ఎంత దూరమైనా సరే.

ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా అమ్మ మాత్రలన్నీ ఒకే గుడ్డసంచిలో వేసుకెళ్తున్నాను, అయిపోయిన అట్టలతో సహా. డాక్టరు చీటీ రాయకముందే సంచి బల్ల మీద బోర్లించి, ఇందులో ఏవి ఆపాలో ముందు చెప్పండి సార్ అని అడుగుతున్నాను. మొన్న రెండు ఆపించారు.